మికులాష్ చదివిన చీటీ

ట్రామ్ ఆఖరి స్టాపులో ఆగింది. అందరూ దిగారు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న కమిల్ మాత్రం దిగలేదు.

డ్రైవర్ వచ్చి భుజం తట్టాడు. "ఏమయ్యా, ఇంక ముందుకి పోదు. లే."

కమిల్ తల పక్కకి వాలిపోయింది. మెడ మీద, కోటు కాలర్‌కి కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క కనిపించింది. డిసెంబరు నెలలో మా ప్రాగ్‌లో దోమలుండవు.

అది నాలుగో తారీఖు, ఉదయం ఎనిమిది గంటలు. తొమ్మిదింటికల్లా ఏజెంట్ ఒతాకర్ గడియారాల దుకాణం పై అంతస్తులో, గూఢచారి శాఖ ఏడో విభాగం అధిపతి కర్నల్ హైనెక్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. కర్నల్ అక్రోటు కాయలు పగలగొడుతున్నాడు. ఎవరైనా చచ్చిపోయినప్పుడల్లా ఆయన ఏదో ఒకటి పగలగొడుతూ కూర్చుంటాడు.

"కమిల్ పోయాడు. విషపు సూది పోటు," అన్నాడు కర్నల్.

"విన్నాను సార్."

"రేపటి దాకా వాడి పని నీది. అంటే నువ్వు ఏజెంట్‌వి కాదు, టూరిస్టు గైడ్‌వి. పేరు కారెల్. ఎర్ర గొడుగు పట్టుకుని ముందు నడుస్తావు. వెనకాల చలికాలం సెలవులకి ప్రాగ్ చూడ్డానికొచ్చిన పన్నెండు మంది."

"అందులో మనకి కావలసింది?"

"డాక్టర్ వెరిన్. అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. పదిహేనేళ్లు, కమిల్‌ని పొడిచిన ముఠాకే రహస్య లిపులు తయారు చేసిపెట్టిన మనిషి. ఇప్పుడు విసుగెత్తి మన వైపు వచ్చేస్తానంటోంది." కర్నల్ ఇంకో కాయ అందుకున్నాడు. "ఊరికే రావట్లేదు. మన విభాగంలో వాళ్లకి అమ్ముడుపోయినవాళ్లు ఒకరున్నారు. ఆ పేరు ఆవిడ బుర్రలో ఉంది. కాగితం మీద పెట్టదు, ఫోన్లో చెప్పదు. మన కారెక్కి తలుపేసుకున్నాకే చెబుతుందట."

"హోటల్ గదిలోంచే తెచ్చేస్తే పోలా?"

"ఆ గుంపులోనే వాళ్ల కాపలాదారు ఒకడున్నాడు. ఎవడో తెలీదు. ఆవిడ అడుగు పక్కకి వేసిందంటే కమిల్‌కి పట్టిన గతే. అందరూ చూస్తుండగా, ఎవరికీ అనుమానం రాకుండా మాయమవ్వాలి. రేపు తారీఖెంత?"

ఒతాకర్‌కి అర్థమైంది. "అయిదు. మికులాష్ సాయంత్రం."

ఆ సాయంత్రం మా ఊళ్లో ఎవరు ఎవరో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పొడుగు టోపీ, తెల్ల గడ్డం, చేతికర్రతో సెయింట్ మికులాష్. పక్కన రెక్కల దేవదూత. వెనక మొహానికి మసి పూసుకుని, గొలుసులు లాగుతూ, గోనెసంచి మోసే దెయ్యం. ఇలాంటి ముగ్గురేసి జట్లు వందలకొద్దీ వీధుల్లో పడతాయి. మంచి పిల్లలకి మిఠాయి, అల్లరి పిల్లలకి దెయ్యం సంచి. పాత బస్తీ కూడలిలో ఆ అరుపుల్లో, నవ్వుల్లో పక్కనున్న మనిషి తప్పిపోయినా తెలీదు.

"సరిగ్గా అయిదింటికి గడియారం కొట్టగానే ఆవిణ్ణి బేకరీ వెనక సందులోకి తీసుకురా. కార్లో నేనే ఉంటాను. కాపలాదారుణ్ణి అడ్డుకోవడం యొలానా పని. గుంపులో పదమూడో మనిషిగా ఇవాళే చేరుతుంది." కర్నల్ తలెత్తాడు. "ఈ ప్లాన్ తెలిసింది ముగ్గురికి. నాకు, నీకు, యొలానాకి. నాలుగో చెవిన పడిందో, ఆ ముసలావిడ ప్రాణం పోయినట్టే."

"పడదు సార్," అన్నాడు ఒతాకర్, గుండె మీద చెయ్యి వేసుకుని.

*

యొలానా అందగత్తె. మామూలు అందగత్తె కాదు, ట్రామ్ ఎక్కితే మగాళ్లు దిగాల్సిన స్టాపు మర్చిపోయే రకం. తెల్ల బొచ్చు టోపీ, మోకాళ్ల దాకా బూట్లు, చేతికి ముత్యాల బ్రేస్‌లెట్. మొగుడి ఆస్తి తగలేస్తున్న విధవరాలి వేషం. బ్రేస్‌లెట్‌లో మైక్ ఉంది. ఒతాకర్ గొడుగు పిడిలో వైర్‌లెస్ ఉంది. ఆరేళ్లుగా ఇద్దరూ కలిసి పని చేస్తున్నారు, రెండేళ్లుగా ఒకే ఫ్లాట్లో ఉంటున్నారు. ఈ మిషన్ అయిపోగానే, ఏప్రిల్లో పెళ్లి.

అయిదో తారీఖు మధ్యాహ్నం వంతెన మీద మంచు పలచగా కురుస్తోంది. పన్నెండు మంది టూరిస్టుల చెవుల్లోనూ చిన్న రిసీవర్లు. గైడ్ మెల్లిగా మాట్లాడినా వంద గజాల దూరం దాకా వినిపిస్తుంది. ఒతాకర్ విగ్రహాల గురించి నోటికొచ్చిందల్లా చెబుతున్నాడు.

యొలానా పక్కకి వచ్చి, అతని మెడలోని గైడ్ మైక్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ విగ్రహంలోని మహానుభావుణ్ణి నదిలో తోసింది నువ్వు చెప్పిన రాజు కాదు బాబూ."

"వీళ్లకేం తెలుసు? గైడ్ ఏం చెబితే అది రాసుకుంటారు."

"అబద్ధాలకోరు."

"ఎవరి ట్రైనింగ్ మరి?"

యొలానా నవ్వి, అతని మఫ్లర్ సర్దింది. "రాత్రి ఇంటికి రాగానే నీకు ఇష్టమైన బఠాణీ సూప్ చేస్తాను. సరేనా?" అంది. ఒతాకర్ ప్రాణం లేచొచ్చింది. కమిల్ చచ్చిపోయిన మర్నాడు అలా సంతోషపడినందుకు తనమీద తనకే సిగ్గేసింది కూడా.

గడియారం గోపురం కింద, దళసరి కోటు వేసుకున్న పెద్దావిడ ఒకరు మోకాలు పట్టుకుంటూ దగ్గరికొచ్చారు.

"ఒక్క ప్రశ్న. ఈ మంచులో మీ పావురాలన్నీ ఎక్కడికి పోతాయి?"

అదే కోడ్. ఒతాకర్ మొహం ఏమాత్రం మార్చలేదు. "మా అత్తయ్యగారి అటక మీదికమ్మా. ఆవిడ గోల పెడుతూనే ఉంటుంది."

డాక్టర్ వెరిన్ గట్టిగా ఊపిరి వదిలారు. "చాలా మెట్లుంటాయా నాయనా?" అని గొంతు తగ్గించి అడిగారు.

"ఒక్క మెట్టు కూడా లేదు. గడియారం అయిదు కొట్టగానే నా గొడుగు వెనకాలే వచ్చెయ్యండి."

"అలాగే. ఇంటికి వెళ్లే ఓపిక నాకింక లేదు. వెళ్తే వాళ్లు ఉంచరు కూడా," అన్నారావిడ.

*

నాలుగూ యాభై అయిదుకి చీకటి పడిపోయింది. కూడలి అంతా జనం. ఎటు చూసినా పొడుగు టోపీలు, రెక్కలు, కొమ్ములు. వేడి వైన్, కాల్చిన బాదం వాసన. పిల్లలు ఏడుపు దిగమింగుకుంటూ పద్యాలు అప్పజెబుతున్నారు. గుంపు కూడలి మధ్యనున్న విగ్రహం దగ్గర ఆగింది. డాక్టర్ వెరిన్‌కీ ఒతాకర్‌కీ మధ్య పదడుగుల దూరం. యొలానా తెల్ల టోపీ కొంచెం అవతల కనిపిస్తోంది.

అంతలో ఒక మికులాష్ వచ్చి ఒతాకర్ గొడుగు పట్టుకున్నాడు.

"ఆగవోయ్ గైడూ! ఊరందరికీ కథలు చెబుతావు. నీ సంగతేమిటి? ఈ ఏడాది బుద్ధిగా ఉన్నావా?"

మాంచి నాటకాల గొంతు. చుట్టూ జనం గొల్లున నవ్వి వలయం కట్టేశారు. ఒతాకర్ పళ్లు బయటపెట్టి నవ్వాడు. మికులాష్ అడిగితే నిలబడి జవాబు చెప్పాల్సిందే. తోసుకుపోతే అందరి కళ్లూ తన మీదే పడతాయి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, ఫరవాలేదు అనుకున్నాడు.

"ఉన్నాను స్వామీ, బుద్ధిగానే ఉన్నాను."

"చూద్దాం, చూద్దాం." మికులాష్ పెద్ద పుస్తకం తెరిచి, అందులోని చీటీ తీశాడు. "ఏదీ... ఒతాకర్!"

ఒతాకర్ గుండె గుభేలుమంది. ఇక్కడ తన పేరు కారెల్.

మికులాష్ పాట పాడినట్టు చదువుతున్నాడు. "పోయిన మార్చి నెలలో మీ అమ్మ ఆసుపత్రి మంచం మీద నిన్నే పిలుస్తూ ఉంటే, నువ్వు కింద కార్లో కూర్చున్నావట. రెండు గంటలు! రేడియోలో హాకీ మ్యాచ్ విన్నావట. పైకి వెళ్లే ధైర్యం లేకపోయిందట. తర్వాత అందరితోనూ, అమ్మ పోయేటప్పుడు చెయ్యి పట్టుకునే ఉన్నానని..." చివరికొచ్చేసరికి ఆ నటుడి గొంతు తడబడింది. "ఇదేం రాత అండీ బాబూ," అన్నాడు తనలో తాను.

జనంలో నవ్వు ఆగిపోయింది. ఒతాకర్‌కి కాళ్లు కదలడం లేదు. ఆసుపత్రి కారు పార్కింగ్, కిటికీ అద్దం మీద వాన, రేడియోలో అరుపులు, అయిదో అంతస్తులో వెలుగుతున్న దీపం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అమ్మ సంగతి ఈ వీధిలో, ఈ జనం మధ్యలో వినాల్సి వచ్చినందుకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

మికులాష్‌కి ఏమీ తెలీదు. మా ఊళ్లో పిల్లలు పెద్దవాళ్లయ్యేది ఆ సంగతి కనిపెట్టిన రోజునే. పిల్లాడు చేసిన తప్పులన్నీ ఒక చీటీ మీద రాసి, గుమ్మం అవతల మికులాష్ చేతిలో పెట్టేది ఇంట్లోవాళ్లే. ఒతాకర్ ఏడేళ్లప్పుడు తలుపు సందులోంచి అమ్మ చీటీ అందించడం చూసి, రెండు రోజులు అన్నం మానేశాడు. చీటీ ఎప్పుడూ ఇంట్లోంచే వస్తుంది.

ఆసుపత్రి సంగతి ఈ ప్రపంచంలో ఒక్క మనిషికే చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున్న, వంటింట్లో, ఆమె ఒళ్లో తలపెట్టుకుని చెప్పాడు.

తల తిప్పి చూశాడు. తెల్ల టోపీ కింద యొలానా అతన్నే చూస్తోంది. తొణక్కుండా, వాచీ చూసుకుంటూ పరీక్ష హాల్లో నిలబడ్డ టీచర్‌లా చూస్తోంది. ఓసి దుర్మార్గురాలా! కమిల్ ఏ ట్రామ్ ఎక్కుతాడో తెలిసింది నీకే కదా! అమ్మని అడ్డం పెట్టుకుని తనని ఇక్కడ నిలబెట్టింది. ఎందుకు?

ఎందుకో మరుక్షణమే తెలిసింది. గొలుసుల చప్పుడు. డాక్టర్ వెరిన్ కేక.

ఆరడుగుల దెయ్యం ఒకడు ఆవిణ్ణి నడుం పట్టుకుని లేపి, గోనెసంచి నెత్తిన కప్పి, ఈడ్చుకుపోతున్నాడు. ఆవిడ ప్రాణభయంతో అరుస్తున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు! మికులాష్ సాయంత్రం దెయ్యం ఎవరినైనా ఎత్తుకుపోతే చప్పట్లు కొట్టడమే మా ఊరి మర్యాద. సహాయం చెయ్యమని ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా నటిస్తున్నారని మెచ్చుకుంటారు. కూడలి చివర తలుపు తెరిచిన వ్యాను. నలభై గజాలు కూడా లేదు.

ఒతాకర్ చుట్టూ జనం గోడలా ఉన్నారు. తోసుకుంటూ వెళ్లేసరికి వ్యాను వెళ్లిపోతుంది. తుపాకీ తీస్తే పిల్లలున్నారు. గొడుగు పిడిలో కర్నల్‌ని పిలవచ్చు, ఆయన సందు చివర ఉన్నాడు. అందేలోగా ఆవిడ మెడలో సూది దిగుతుంది.

మెడలో వేలాడుతున్న గైడ్ మైక్ చేతికి తగిలింది.

"ప్రియమైన అతిథులారా!" అన్నాడు మైక్ నోటి దగ్గర పెట్టుకుని. "అందరూ వినండి. ఇప్పుడు మీరు చూడబోయేది ఈ నగరంలో అతి పురాతన ఆచారం. దెయ్యం మన గుంపులో ఒకరిని పట్టుకుంది. పట్టుబడినవారు వెంటనే కింద చతికిలబడాలి. ఎట్టి పరిస్థితిలోనూ లేవకూడదు. మిగతావాళ్లు పరుగెత్తి దెయ్యాన్ని చుట్టుముట్టాలి. తోక లాగితే ఆరోగ్యం! కొమ్ము ఊడబీకితే సంతానం! ఫోటోకి అదృష్టం! త్వరగా, గడియారం కొట్టేలోపు మాత్రమే!"

పన్నెండు రిసీవర్లలోనూ ఆ మాట మోగింది. ఒక రిసీవర్ గోనెసంచిలో ఉంది.

దెయ్యం చేతిలోని బరువు హఠాత్తుగా కిందికి జారింది. డాక్టర్ వెరిన్ రాళ్ల మీద చతికిలబడి, కాళ్లు బారచాపుకుని, కదలనని మొండికేశారు. దెయ్యం వంగి లేపబోయాడు. అప్పుడు వాడి మీద పదిమంది టూరిస్టులు ఒక్కసారిగా పడ్డారు. లావుపాటి పెద్దమనిషి ఒకాయన తోక చేతికి చుట్టుకుని లాగుతున్నాడు. కొత్త జంట ఒక్కో కొమ్ము పంచుకున్నారు. ముగ్గురు మొహం మీద ఫ్లాష్‌లు కొడుతున్నారు. దెయ్యం వాడి భాషలో బూతులు తిడుతున్నాడు. టూరిస్టులు ఇంకా ఆనందించారు.

కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతున్న ముసలమ్మ ఒకతి వాడి చేతిలోని సూది చూసింది. "చూడండర్రా, ఈ దరిద్రుడు నిజంగానే పొడుస్తున్నాడు! మా దెయ్యాలు ఇలా చెయ్యవు!" అని కూరగాయల సంచితో వాడి చెవి మీద ఒక్కటిచ్చింది. నాటకాల మికులాష్‌కి అప్పటికి తను ఎవరి కూలికి వచ్చాడో తెలిసొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, "నాతో ఆ పాపిష్టి చీటీ చదివిస్తారా!" అంటూ చేతికర్రతో దెయ్యం నెత్తి పగలగొట్టాడు. సూది రాళ్ల మీద పడి విరిగింది. పిల్లలు ఈలలు వేశారు.

పదిమంది వచ్చారు. పన్నెండో టూరిస్టు రాలేదు. గళ్ల టోపీ పెట్టుకున్న బక్కపలచని మనిషి, రెండు రోజులుగా కడుపునొప్పి అంటున్నవాడు, ఒక్కడే వ్యాను వైపు నడుస్తున్నాడు. ప్లాన్ చెప్పకుండా కర్నల్ సందులో ఉంచిన మనుషులిద్దరు గోల విని వచ్చి, వాణ్ణి చెరో రెక్కా పట్టుకున్నారు.

గడియారం అయిదు కొట్టడం మొదలుపెట్టింది.

తెల్ల టోపీ మెట్రో వైపు కదులుతోంది. తొందర లేదు ఆమెకి. జనం మధ్య ఎలా నడవాలో తనే ఒతాకర్‌కి నేర్పింది. గొడుగు పిడి మీద బొత్తాం అతని బొటనవేలి కింద ఉంది. డాక్టర్ వెరిన్ కారెక్కి పేరు చెప్పేలోపు ఆమె మాయమవుతుంది, తను నొక్కలేదని ఎవరికీ తెలీదు. చీటీలో ఏముందో విన్నవాళ్లు వందమంది, అర్థమైనవాడు ఒక్కడే. యొలానా వెనక్కి తిరిగి చూసింది. నొక్కడని ఆమెకి నమ్మకం. ఆ నమ్మకం మొహం మీద కనిపించేసరికి ఒతాకర్‌కి ఒళ్లు మండింది.

"తెల్ల టోపీ," అన్నాడు పిడిలోకి. "మెట్రో మెట్లు. మన మనిషే సార్. మన మనిషే."

*

కార్లో తలుపేసుకున్నాక డాక్టర్ వెరిన్ మోకాళ్లు రుద్దుకుంటూ అన్నారు. "మాట ప్రకారం పేరు చెబుతాను."

"అక్కర్లేదమ్మా. తెలిసింది," అన్నాడు ఒతాకర్.

"రూలు ప్రకారం చెప్పించు," అన్నాడు ముందు సీట్లోంచి కర్నల్, మెత్తగా.

ఆవిడ చెప్పారు. వాళ్ల దేశపు యాసలో 'జొలానా' అన్నారు. ఒతాకర్ దిద్దలేదు.

ఆ సాయంత్రమే గడియారాల దుకాణం పై గదిలో యొలానా ఎదుట కూర్చున్నాడు. టోపీ లేదు, ముత్యాలు లేవు. అయినా అందంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఆరింటి వియన్నా రైలుకి టికెట్ ఉంది నీ దగ్గర," అన్నాడు. "సూప్ చేస్తానన్నావు."

"అన్నాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నీకంటే ముందు నుంచి."

అంటే వంటింట్లో ఆ ఆదివారం కూడా. ఒతాకర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "నన్ను ఆపడానికి ఇంకేమీ దొరకలేదా? ఇంట్లో గిన్నెలు కడగననో, గురక పెడతాననో రాయొచ్చుగా? అమ్మే దొరికిందా నీకు?"

"గిన్నెల సంగతి రాస్తే నవ్వేసి, పది సెకన్లలో నీ పని చూసుకునేవాడివి," అంది యొలానా. "నాకు ఒక నిమిషం కావాలి. నిన్ను నిమిషం పాటు కదలకుండా నిలబెట్టేది నాకు తెలిసి అదొక్కటే."

"కమిల్‌ని పొడిపించావు. నన్నెందుకు వదిలేశావు?"

ఏదైనా మంచి మాట వస్తుందేమోనని వెధవ మనసు ఎదురుచూసింది.

"అంత ఊహించుకోకు," అంది యొలానా. "నీకూ ఒక సూది ఉంది. నీదీ ఆవిడదీ రెండూ ఆ దెయ్యం వేషగాడి దగ్గరే ఉన్నాయి. వరసలో నువ్వు రెండోవాడివి."

ఒతాకర్ లేచి కోటు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్లాక ఆమె వెనక నుంచి పిలిచింది.

"ఎంతసేపు నిలబడ్డావు? నేను వాచీ చూడ్డం మానేశాను."

"ఇరవై సెకన్లు," అన్నాడు.

నిజానికి ఇంకా ఆ కూడలిలో, ఆ జనం మధ్యే నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆమెకి చెప్పలేదు. ఇంక ఆమెకి ఏదీ చెప్పడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి హోటల్ ముందు పదిమంది టూరిస్టులు మఫ్లర్లు బిగించుకుని నిలబడ్డారు. వాళ్ల టూర్‌లో ఇంకా ఒక రోజు మిగిలి ఉంది. గైడ్‌ని మార్చడానికి కర్నల్‌కి మనిషి దొరకలేదు. కొత్త జంట చెరో కొమ్మూ కోటుకి గుచ్చుకుని వచ్చారు. ఒతాకర్ రాత్రంతా కన్ను మూయలేదు. ఎర్ర గొడుగు ఎత్తాడు.

"గైడ్‌గారూ, నిన్నటిది అద్భుతం!" అంది ముందు వరసలోని ఆవిడ నోట్‌బుక్ తెరుస్తూ. "ఈ రోజు ఏ ఆచారం?"

"ఈ రోజు మా ఊళ్లో ఆచారం ఏమిటంటే," అన్నాడు ఒతాకర్, "సాయంత్రం దాకా ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు."

ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. పదిమందీ నోళ్లు మూసుకుని అతని వెంట నడిచారు.